కారు డిక్కీకి సీల్డ్ సబ్‌వూఫర్ బాక్స్: మనమే చేసుకోవడం ఎలా

కారు ఆడియో షాపులో సబ్‌వూఫర్ (అడుగు స్వరాలు మాత్రమే పలికే పెద్ద స్పీకర్, పొట్టిగా సబ్) కొంటే, అటక మీద పేర్చి ఉన్న కార్పెట్ బాక్సుల్లోంచి ఒకటి దింపి, అందులో బిగించి ఇచ్చేస్తారు. ఆ బాక్సుకీ మీ సబ్‌కీ ఉన్న చుట్టరికం ఒక్కటే: రంధ్రం సరిపోయింది. కాలి కొలత అడక్కుండా చెప్పులు పొట్లం కట్టి ఇచ్చినట్టే ఇది.

నా మొదటి సబ్ అలాగే కొన్నాను. డప్పు మోగినా, మృదంగం మోగినా, బేస్ గిటార్ మోగినా అందులోంచి వచ్చేది ఒకటే ‘దుబ్ దుబ్’. ఓ ఆదివారం విప్పి చూశాను. పల్చటి ప్లైవుడ్, జిగురు పూయకుండా కొట్టిన మేకులు. టార్చ్ లోపల పెడితే మూలల్లోంచి వెలుతురు బయటికి వస్తోంది. సబ్‌ది తప్పు కాదు. అదే సబ్‌ని తర్వాత నేను చేసిన బాక్సులో బిగిస్తే మా ఆవిడ కూడా “కొత్తది కొన్నావా?” అని అడిగింది.

ఇక్కడ చెప్పేది 10 అంగుళాల సబ్ ఒకటి, హ్యాచ్‌బ్యాక్ డిక్కీలో, వెనక సీటుకు ఆనుకుని కూర్చునే సీల్డ్ బాక్స్. గాలి బయటికి పోయే దారి ఎక్కడా లేని పెట్టె అన్నమాట. రెండు ఆదివారాల పని. జిగురు ఆరడానికి మధ్యలో వారం ఎలాగూ కావాలి.

సీల్డే ఎందుకు

గొట్టం పెట్టిన పోర్టెడ్ బాక్స్ ఎక్కువ గట్టిగా మోగుతుంది, నిజమే. కానీ దానికి చోటు ఎక్కువ కావాలి, గొట్టం పొడవు లెక్క తప్పకూడదు. ఆ గొట్టం ట్యూన్ అయిన స్వరానికి కింద ఉన్నవి వస్తే కోన్‌ని, అంటే సబ్ ముందు ఊగే గిన్నెలాంటి పొరని, ఆపే గాలి ఉండదు, అదుపు తప్పి ఊగుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు అది వద్దనే చెబుతాను.

పైగా కారు క్యాబిన్ మనకు ఉచితంగా సాయం చేస్తుంది. క్యాబిన్ పొడవు సుమారు రెండున్నర, మూడు మీటర్లు. దాదాపు 60 హెర్ట్జ్ నుంచి కిందికి వెళ్తే శబ్దపు అలలో సగం కూడా ఆ చోట పట్టదు. అప్పుడు సబ్ ఆ క్యాబిన్ గాలి మొత్తాన్నీ ఒక్కసారిగా నొక్కి వదులుతుంది. కిందికి వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. లెక్క ప్రకారం ఆక్టేవ్‌కి, అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ, 12 డెసిబెల్స్. సీల్డ్ బాక్స్ తన రెజొనెన్స్ (సబ్, బాక్స్ కలిసి సహజంగా ఊగే హెర్ట్జ్) కింద పడిపోయేది కూడా సరిగ్గా ఆక్టేవ్‌కి 12 డెసిబెల్సే. ఒకటి దింపితే ఇంకొకటి ఎత్తుతుంది. అద్దాలు, డోర్లు అంత గట్టిగా ఉండవు కాబట్టి నిజం కారులో సాయం కొంత తగ్గుతుంది. అయినా, ఇంట్లో పెడితే బక్కగా వినిపించే చిన్న సీల్డ్ బాక్స్ కారులో నిండుగా పలకడానికి కారణం ఇదే.

ముందు కాగితం, తర్వాతే రంపం

సబ్ అట్టపెట్టెలో ఒక కాగితం ఉంటుంది, పారేయకండి. అందులో మూడు అంకెలు కావాలి: ఎఫ్ఎస్ (Fs, బాక్స్ లేకుండా సబ్ సహజంగా ఊగే హెర్ట్జ్), క్యూటీఎస్ (Qts, ఆ ఊపు ఎంత అదుపులో ఉంటుందో చెప్పే అంకె), వాస్ (Vas, సబ్ సస్పెన్షన్ ఎంత మెత్తనో అంత మెత్తగా ఉండే గాలి, లీటర్లలో). వీటిని థీల్–స్మాల్ పారామీటర్లు అంటారు. ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో మొదలుపెట్టిన లెక్కని, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ పూర్తి చేశాడు. అంతకుముందు బాక్స్ అంటే చేసి, విని, విరగ్గొట్టి, మళ్లీ చేయడమే. ఈ అంకెలు కంపెనీ సైట్‌లోనూ దొరకని సబ్ అయితే అసలు కొనకండి. వాట్లు మాత్రం బంగారు రంగు అక్షరాల్లో అచ్చేసి, ఇవి ఇవ్వని సరుకు చాలానే ఉంది.

సీల్డ్ బాక్స్ లెక్క చాలా చిన్నది. సబ్, బాక్స్ కలిసిన తర్వాత వచ్చే గుణాన్ని క్యూటీసీ అంటారు. అది 0.707 అయితే మోత ఎక్కడా ఉబ్బకుండా సమంగా దిగుతుంది. 1 దాటితే ‘దుబ్ దుబ్’. మనకు 0.707 కావాలి కాబట్టి:

0.707ని క్యూటీఎస్‌తో భాగించండి. వచ్చినదాన్ని దానితోనే గుణించండి. అందులోంచి 1 తీసేయండి. వాస్‌ని దీనితో భాగిస్తే, బాక్స్ లోపల ఎన్ని లీటర్ల గాలి ఉండాలో వస్తుంది.

ఉదాహరణకి మన సబ్ ఎఫ్ఎస్ 32 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.50, వాస్ 30 లీటర్లు అనుకుందాం. 0.707ని 0.50తో భాగిస్తే 1.414. దాన్ని దానితోనే గుణిస్తే 2. ఒకటి తీస్తే 1. అంటే 30 లీటర్లు. ఇక 32ని 1.414తో గుణిస్తే 45 హెర్ట్జ్. బాక్స్ రెజొనెన్స్ అదే, అక్కడి నుంచి కిందికి క్యాబిన్ చూసుకుంటుంది. మీ లెక్కలో 15 లీటర్లో, 80 లీటర్లో వస్తే కంగారు పడకండి. 80 వస్తే డిక్కీ కోసం క్యూటీసీని 0.8, 0.9 దాకా పెంచి మళ్లీ లెక్కవేయండి, బాక్స్ చిన్నదవుతుంది.

ఈ 30 లీటర్లు ఖాళీ గాలి. సబ్ మాగ్నెట్, బుట్ట (కోన్‌ని పట్టి ఉంచే చట్రం) తినే చోటు వేరు. ఆ అంకె కూడా కాగితంలో ఉంటుంది, 10 అంగుళాల వాటికి లీటరు, లీటరున్నర ఉండొచ్చు. లోపల పెట్టే బద్దలకు, మూలల జిగురుకు ఇంకో 0.8 లీటరు వేసుకుందాం. మొత్తం 32.3 లీటర్లు.

డిక్కీ కొలత

టేపు తీసుకుని డిక్కీలోకి దిగండి. డిక్కీ తలుపు మూసినప్పుడు అద్దం ఎంత లోపలికి వస్తుందో, చక్రాల గుబ్బలు ఎక్కడ మొదలవుతాయో చూడండి. స్టెప్నీ మర్చిపోకండి. చాలా హ్యాచ్‌బ్యాకుల్లో అది డిక్కీ అడుగున ఉంటుంది. బాక్స్ దాని మూత మీద కూర్చుంటే, రాత్రి హైవే మీద పంక్చర్ అయినప్పుడు 18 కిలోల పెట్టెను రోడ్డు పక్కన దించాల్సి వస్తుంది. నేను దించాను, వానలో.

సీటు వీపు వాలుగా ఉంటుంది కాబట్టి బాక్స్ వెనక వైపునీ అంతే వాలుగా చేస్తే చోటు కలిసొస్తుంది. వాలు కొలవడానికి ఫోన్‌లోని లెవల్ యాప్ చాలు. ఈ కొలతలు 20 డిగ్రీల వాలుకి వేశాను. లోపలి వెడల్పు 464, ఎత్తు 300, లోతు అడుగున 287, పైన 178, అన్నీ మిల్లీమీటర్లు. లోతు సగటు 232.5. మూడూ గుణిస్తే 32.36 లీటర్లు.

18 మి.మీ. మందం చెక్కతో ముక్కలు ఇలా వస్తాయి:

పక్క చెక్కలు రెండు: ఎత్తు 336, అడుగు 331, పైన 209. ముందు వైపు నిటారు, వెనక వైపు వాలు.
ముందు చెక్క: 464 × 336.
వెనక చెక్క: 464 × 358, పై అంచు, కింది అంచు 20 డిగ్రీల కోత.
పై చెక్క: 464 × 178, వెనక అంచు 20 డిగ్రీల కోత.
అడుగు చెక్క: 464 × 294, వెనక అంచు 20 డిగ్రీల కోత.
ముందు చెక్క మీద బయటి నుంచి అతికించే రెండో పొర: 500 × 336.

రెండో పొర ఎందుకంటే, సబ్ బరువంతా, ఊపంతా ముందు చెక్క మీదే పడుతుంది. పైగా పెద్ద రంధ్రం కొట్టాక అక్కడ మిగిలే చెక్క తక్కువ. బయటి నుంచి అతికిస్తున్నాం కాబట్టి లోపలి లీటర్లు తగ్గవు.

కోయకముందు ఇంకొక్కటి చూసుకోండి. బాక్స్ సగం ఎత్తు దగ్గర లోపలి లోతు 232 మి.మీ. ఉంది. సబ్ మౌంటింగ్ లోతు (చెక్క నుంచి లోపలికి దిగే లోతు) ఎంతున్నా, మాగ్నెట్ వెనక కనీసం 30 మి.మీ. ఖాళీ మిగలాలి. మాగ్నెట్ మధ్యలో గాలి రంధ్రం ఉన్న సబ్‌లకు ఇది మరీ ముఖ్యం.

చెక్క, కోత

ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన బోర్డు) తీసుకోండి. బరువుగా, ఒకే సాంద్రతతో ఉంటుంది, లోపల బోలు ఉండదు. దాని శత్రువు నీళ్లు. తడిస్తే బ్రెడ్డులా ఉబ్బుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్లు, లేదా డిక్కీలోకి వాన నీరు దిగే పాత కారు ఉన్నవాళ్లు వంటింటి కప్‌బోర్డులకు వాడే హెచ్‌డీహెచ్ఎంఆర్ బోర్డు తీసుకుంటే కొంచెం ఖర్చైనా తడికి ఓర్చుకుంటుంది. ప్లైవుడ్ కూడా పనికొస్తుంది, మంచి రకమైతేనే. చౌక ప్లైవుడ్ పొరల మధ్య బోలు ఉంటుంది, అక్కడ గాలి ఈల వేస్తుంది.

ముక్కలన్నీ కలిపితే 10 చదరపు అడుగులు దాటవు. 8×4 షీటు మొత్తం కొనక్కర్లేదు. ఇంటీరియర్ పనులు చేసే వర్క్‌షాపులో అడిగితే మిగులు ముక్కలు దొరుకుతాయి, కోత కూడా అక్కడే అయిపోతుంది. చేతి రంపంతో 20 డిగ్రీల వాలు తిన్నగా కోసేంత చెయ్యి నాకు లేదు. టేబుల్ రంపం ఉన్న కార్పెంటర్‌కి అది అరగంట పని. ఆయనకు కొలతలు మిల్లీమీటర్లలోనే రాసివ్వండి, వాలు ఎటువైపో బొమ్మ గీసివ్వండి. అంగుళాలు, నూళ్లలోకి మార్చి నోటితో చెబితే ఎక్కడో ఒక నూలు జారిపోతుంది. ఒకే కొలత ఉన్న ముక్కలన్నీ, అంటే ఆ 464 నాలుగూ, ఫెన్స్ (రంపం బల్ల మీద చెక్కను ఆనించే పట్టీ) కదపకుండా వరసగా కోయించండి. అప్పుడు అర మిల్లీమీటరు తేడా వచ్చినా అన్నిటికీ ఒకటే వస్తుంది.

ఎండీఎఫ్ పొడి చాలా సన్నం, అందులో రెజిన్ జిగురు ఉంటుంది. మాస్కు పెట్టుకోండి, వరండాలోనో డాబా మీదో కోసుకోండి.

రంధ్రం

రంధ్రం కొలత అట్టపెట్టె మీద ఉన్నా, టేపుతో ఇంకోసారి చూడండి. సబ్ బయటి అంచు కాదు, చెక్కలోకి దిగే బుట్ట వ్యాసం కావాలి. 232 మి.మీ. అయితే, పాత చెక్క స్కేలుకి ఒక చివర మేకు, దానికి 116 మి.మీ. దూరంలో పెన్సిల్ పట్టే బెజ్జం. అదే మీ కంపాస్. ముందు చెక్కనీ రెండో పొరనీ ముందే జిగురుతో అతికించి, ఒక రాత్రి బరువు పెట్టి ఉంచండి. అతికించేటప్పుడు రెండో పొర రెండు పక్కలా 18 మి.మీ. చొప్పున బయటికి ఉండాలి, పక్క చెక్కల అంచులు దాని వెనక దాక్కుంటాయి.

ఆరాక రెండు పొరలనూ కలిపి కోయండి. గీత లోపల డ్రిల్లుతో ఒక బెజ్జం వేసి, అక్కడి నుంచి జిగ్ సా నడిపించండి. గీతకి ఒక మి.మీ. లోపలే కోసి, మిగిలింది ఉప్పు కాగితంతో తీసుకురండి. ఎక్కువ కోస్తే తిరిగి పెట్టలేం. జిగ్ సా బ్లేడు మందం చెక్కలో కిందికి వెళ్లేకొద్దీ వంగుతుంది, తొందరపెట్టకండి.

కూర్పు

ముందు జిగురు లేకుండా ఒకసారి పేర్చి చూడండి. ఒక పక్క చెక్కను నేల మీద పడుకోబెట్టి, దాని మీద ముందు, అడుగు, వెనక, పై చెక్కల్ని గోడల్లా నిలబెట్టి, రెండో పక్క చెక్కను మూతలా పెట్టండి. మూలమట్టం పెట్టి చూడండి. వాలు మూలల్లో ఒక మిల్లీమీటరు సందు కనిపిస్తే పర్లేదు. మూడు కనిపిస్తే కోత సరిచేయండి.

ఇప్పుడు విప్పి, వాటర్‌ప్రూఫ్ రకం ఫెవికాల్‌తో అసలు కూర్పు. ఎండీఎఫ్ అంచులు జిగురు తాగేస్తాయి. అంచుకి ఒక పూత పూసి, ఐదు నిమిషాలాగి రెండో పూత పూయండి. నిజానికి బాక్సుని పట్టి ఉంచేది జిగురే. స్క్రూలు అది ఆరేదాకా క్లాంపుల పని చేస్తాయంతే. నల్లటి రెండంగుళాల జిప్సం స్క్రూలు చాలు, దాదాపు 10 సెం.మీ.కి ఒకటి. కానీ ప్రతి స్క్రూకి ముందు రెండున్నర మి.మీ. బిట్‌తో బెజ్జం వేయాలి. వేయకపోతే ఎండీఎఫ్ అంచు పుస్తకంలా విచ్చుకుంటుంది. మూలకి 5 సెం.మీ. లోపు స్క్రూ వద్దు.

వెనక చెక్కే అన్నిటికంటే వెడల్పు, ఎక్కువ అదిరేది అదే. దానికి లోపలి వైపు 40 మి.మీ. వెడల్పు బద్దలు రెండు నిలువుగా, మధ్యలో మాగ్నెట్‌కి అడ్డం రాకుండా చెరో పక్కన అతికించండి.

ఒక రోజు ఆరనిచ్చాక, కోసేటప్పుడు దాచిన రంపపు పొట్టుని ఫెవికాల్‌తో గోరింటాకు ముద్దలా కలపండి. సబ్ రంధ్రంలోంచి చెయ్యి పెట్టి లోపలి ప్రతి మూలకీ వేలితో మెత్తండి. కళ్లకు కనపడదు, వేలికే తెలియాలి. నేను కళ్లు మూసుకుని చేస్తాను, అదే బాగా కుదురుతుంది. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ వాడితే, వాసన పూర్తిగా పోయేదాకా సబ్ బిగించకండి. ఆ ఆవిరి సబ్ లోపలి లోహాన్ని, జిగుర్లని తింటుంది.

టెర్మినల్ కప్పు (బయటి నుంచి వైర్లు తగిలించే ప్లాస్టిక్ గిన్నె) పెట్టేచోట ఫోమ్ టేపు గాస్కెట్ వేయండి. చాలా బాక్సుల్లో గాలి పోయేది మూలల్లోంచి కాదు, ఈ ప్లాస్టిక్ కప్పులోంచి.

అగరుబత్తి పరీక్ష

సబ్ అంచు కింద కూడా ఫోమ్ టేపు చుట్టి బిగించండి. స్క్రూలు వరసగా కాదు, కారు చక్రం నట్లలా ఎదురెదురుగా. తర్వాత కోన్‌ని రెండు అరచేతులతో మెల్లగా, సమంగా లోపలికి నొక్కి వదలండి. బద్ధకంగా వెనక్కి వస్తే సీలు బాగుంది. టక్కున వస్తే ఎక్కడో కారుతోంది.

ఎక్కడో తెలియాలంటే, తక్కువ సౌండుతో 40 హెర్ట్జ్ టోన్ పెట్టి, అగరుబత్తి వెలిగించి అతుకుల వెంట మెల్లగా నడిపించండి. తిన్నగా లేచే పొగ ఒకచోట గజగజలాడుతుంది. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, లోపలి నుంచి ఇంకో ముద్ద మెత్తండి. సబ్ కోన్ దగ్గర పొగ ఎలాగూ ఊగుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. నిప్పు కోన్‌కి దూరంగా ఉంచండి, చాలా కోన్లు కాగితమే.

సీలు కుదిరాక సబ్ మళ్లీ తీసి, లోపల పాలిస్టర్ దిండు దూది వదులుగా నింపండి, మాగ్నెట్ వెనక మాత్రం ఖాళీ వదలండి. గాలి కొద్దిగా మెత్తబడి, బాక్స్ పదో వంతు పెద్దదైనట్టు పలుకుతుంది. ఇంట్లో పాత పరుపులోని బూరుగు దూది వద్దు. అది పొడి రాలి మాగ్నెట్ రంధ్రంలోకి పోతుంది.

పైన కార్పెట్ అతికించడం మీ ఓపిక. హార్డ్‌వేర్ షాపులో ఎస్ఆర్ అని అడిగితే ఇచ్చే రబ్బరు జిగురు రెండు వైపులా పూసి, చేతికి అంటనంత ఆరాక నొక్కాలి. ఎండీఎఫ్ పచ్చి అంచుల మీద కార్పెట్‌కి ముందు ఒక పూత ప్రైమర్ కొడితే తేమ భయం తగ్గుతుంది.

బిగింపు, వైరు

గట్టిగా బ్రేకు వేస్తే ఆ 18 కిలోలు వెనక సీటులో కూర్చున్న వాళ్ల వీపు మీదికి వస్తాయి. ఎల్ క్లాంపులతోనో, రాచెట్ బెల్టుతోనో డిక్కీకి కట్టేయాలి. డిక్కీ అడుగున స్క్రూ వేసే ముందు కారు కిందికి వంగి చూడండి, పెట్రోల్ ట్యాంకు, పైపులు అటువైపే ఉంటాయి. యాంప్లిఫయర్‌ని బాక్స్ మీద బిగించే అలవాటు చాలామందికి ఉంది. వద్దు, అదురుకి లోపలి సోల్డర్ వదులవుతుంది.

ఇక బ్యాటరీ నుంచి వచ్చే వైరు. మిగతా పనిలో తప్పు చేస్తే సౌండ్ పాడవుతుంది, ఇక్కడ తప్పు చేస్తే కారు కాలుతుంది. బ్యాటరీ పాజిటివ్ నుంచి 45 సెం.మీ. లోపు ఫ్యూజు ఉండాలి, యాంప్ దగ్గర ఉన్న ఫ్యూజు దీనికి బదులు కాదు. 200 వాట్ల ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) క్లాస్-డీ యాంప్ ఫుల్లుగా మోగితే సుమారు 18 ఆంపియర్లు లాగుతుంది. దానికి 30 ఆంపియర్ల ఫ్యూజు, 8 గేజ్ అసలు రాగి వైరు సరిపోతాయి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కరెంటుని అంత బాగా మోయదు, అదే వాడాల్సివస్తే ఒక సైజు లావుది తీసుకోండి. ఇంజన్ గోడ దాటేచోట రబ్బరు గ్రామెట్ (రంధ్రం అంచుకి వైరు కోసుకోకుండా పెట్టే రింగు) తప్పనిసరి. ఇది చేతకాదనిపిస్తే ఈ ఒక్క పని మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వండి, అందులో నామోషీ లేదు.

డ్యూయల్ కాయిల్ సబ్ అయితే 4 ఓంల కాయిల్స్ రెండూ పారలల్‌లో 2 ఓంలు, సిరీస్‌లో 8 ఓంలు అవుతాయి. యాంప్ 2 ఓంలకు ఓర్చుతుందో లేదో దాని కాగితంలో చూసుకోండి. ప్లస్, మైనస్ మీద అనుమానం వస్తే గోడ గడియారంలోని పెన్సిల్ సెల్ తీసి సబ్ వైర్లకు ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి కదిలితే సెల్ పాజిటివ్ తాకిన వైరే ప్లస్.

యాంప్ మీద ఉండే గెయిన్, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే గుండీ. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. గెయిన్ సున్నాకి తెచ్చి, బేస్ బూస్ట్ ఆపి, సబ్ వైర్లు తీసేయండి. స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి 50 హెర్ట్జ్ టోన్ నడపండి. మల్టీమీటర్‌ని ఏసీలో పెట్టి యాంప్ అవుట్‌పుట్ మీద ఉంచండి. 200 వాట్లు, 4 ఓంలు అయితే వాటి లబ్ధం 800, దాని వర్గమూలం సుమారు 28. మీటరు 28 వోల్టులు చూపేదాకా గెయిన్ పెంచి అక్కడ ఆపండి. ఆ తర్వాత దాన్ని ముట్టుకోకండి. సబ్ ఎక్కువైందనిపిస్తే స్టీరియోలోని సబ్ లెవెల్ తగ్గించుకోండి. లో పాస్ (పై స్వరాలను సబ్‌కి రానివ్వని ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. మగ గొంతు డిక్కీలోంచి వస్తున్నట్టుంటే 70కి దించండి.

మొదటి రోజు ఎక్కడో ‘జర్ర్’ అని మోత వస్తే బాక్స్ విప్పడానికి పరుగెత్తకండి. నేను రెండు ఆదివారాలు అతుకులన్నీ మళ్లీ మెత్తాను. మూడో ఆదివారం మా పక్కింటి కుర్రాడు కారు వెనక నిలబడి, నంబర్ ప్లేటు మీద వేలు పెట్టాడు. మోత ఆగిపోయింది. ప్లేటు వెనక రెండు ఫోమ్ ముక్కలు అతికించాను.